ఆ మాట కాయితంలో ఉండాల

మా ఊరు కర్నూలు, కడప జిల్లాలు కలిసేచోట ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినాక మేం నంద్యాల జిల్లా కిందికి వచ్చినాం గానీ మావాళ్లు ఇప్పటికీ కర్నూలోళ్లమనే చెప్పుకుంటారు. కె.సి. కాల్వ మాకు నాలుగు మైళ్ల అవతల పారుతుంది. మా మెట్టకు చుక్క ఎక్కదు. వానొస్తే శెనక్కాయ, రాకుంటే వలస. ఊరికి తూర్పున మాదిగ గేరి. నేను ఆ గేరిలో పుట్టినాను. మా ఇంట్లో అక్షరం ముక్క నేర్చినవాళ్లల్లో నేనే మొదలు. నంద్యాలలో డిగ్రీ, కడపలో బి.ఇడి. చదివి, డి.ఎస్సీ. రాసి సర్కారు బళ్లో టీచరైనాను. మా సీమలో టీచర్ని అయివారంటారు. పనిచేసే ఊర్లో నన్ను సారనే పిలుస్తారు. సొంతూర్లో మాత్రం ఊరోళ్ల నోట నా గురించి అయివారనే మాట రాదు. 'ఆ మాదిగోని కొడుకు' అంటారు. ఆ మాటకు నేను కేసు పెట్టలేదు. నాకంటే ముందు మా నాయన పెట్టినాడు. ఆ కేసు గురించే ఈ నాలుగు మాటలు.

2006లో మా ఊరి దేవర జరిగింది. నాయన డప్పు కొట్టేవాడు. అంతకు ముందు దేవరకు కొట్టిన డప్పుకూలి ఇంకా రాలేదు. పాత బాకీ ఇస్తేనే ఈసారి డప్పు పడతామని గేరిలోవాళ్లు మాట్లాడుకున్నారు. ఆ మాట పోయి చెప్పేది నాయన వంతైంది. రచ్చకట్ట కాడ పెద్దలు కూచుని ఉన్నారు. చుట్టూ ఇరవై ముప్పై మంది ఉన్నారు. నాయన తువ్వాలు భుజమ్మీది నుంచి తియ్యలేదు. లెక్క అడిగినాడు. మా సీమలో లెక్కంటే డబ్బు.

"ఏమిరా మాదిగ నాకొడకా, చచ్చిన గొడ్లు తినే నా కొడుకువి నా ముందర నిలబడి లెక్క అడుగుతావా" అన్నాడు పెద్దమనిషి. చెప్పు చేతికి తీసుకున్నాడు. కొట్టలేదు, ఎత్తినాడు.

ఈ మాటను నేను పూర్తిగా రాసినాను. చదివేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. చుక్కలు పెట్టి రాయొచ్చు, 'కులం పేరుతో దూషించాడు' అని మర్యాదగా రాయొచ్చు. అట్ల మర్యాదగా రాసినందుకే మా నాయన కేసు పోయింది.

నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. నాయన, చిన్నాయన స్టేషన్‌కు పోయినారు. నాయనకు చదువు రాదు. జరిగింది జరిగినట్టు మూడుసార్లు చెప్పినాడంట. కాయితం ఇంకెవరో రాసినారు. "నన్ను కులం పేరుతో అసభ్యంగా దూషించి, చెప్పుతో కొట్టబోయినాడు. కావున తగు చర్య తీసుకోగలరు." ఇదీ రాసింది. నాయన దాని కింద వేలిముద్ర వేసినాడు. రాసినాయన చెడ్డోడని నేను అనుకోను. బూతులు కాయితం మీద రాయగూడదు, సర్కారు కాయితం శుభ్రంగా ఉండాలని అనుకొని ఉంటాడు. తిట్టే నోటికి అడ్డం రాని మర్యాద రాసే చేతికి అడ్డమొచ్చింది.

ఆ రోజుల్లో సెక్షన్ 3(1)(ఎక్స్). 1989లో అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చినప్పుడు పెట్టిన సెక్షన్ అది. దళితుణ్ణి, గిరిజనుణ్ణి అవమానించాలనే ఉద్దేశంతో, నలుగురి కంటబడేచోట తిట్టినా బెదిరించినా నేరం. తక్కువలో తక్కువ ఆరునెలలు, ఎక్కువలో ఎక్కువ అయిదేళ్లు. 2015లో చట్టాన్ని సవరించినారు, అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అవమానానికి 3(1)(ఆర్), కులం పేరుతో తిట్టినందుకు 3(1)(ఎస్). శిక్ష కొలత అదే. డీఎస్పీ వచ్చినాడు, రచ్చకట్ట చూసినాడు. తహసీల్దారు కులం సర్టిఫికెట్ ఇచ్చినాడు. అంతవరకు కాయితాలు సక్రమంగానే నడిచినాయి.

కోర్టు జిల్లా కేంద్రంలో. వాయిదా ఉన్న రోజు నాయన తొలి కోడికి లేచి మూడు మైళ్లు నడిచి బస్సెక్కేవాడు. వాయిదాకు ఒకనాటి కూలి పోయేది, బస్సు చార్జీ పోయేది. సాక్షులను గూడ నాయనే తోడుకోని పోవాల, వాళ్ల బువ్వ ఖర్చు గూడ ఆయన్దే. అయిదుగురు సాక్షుల్లో ఇద్దరు బోనెక్కినాక "మాకేం ఇనపళ్లేదు సామీ" అన్నారు. ఆ ఇద్దరూ పెద్దమనిషి చేనును కోరుకు చేస్తున్నవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. సాక్ష్యం చెప్పి వచ్చిన సాయంత్రం ఆ చేను ఎవరిస్తారు వాళ్లకు? మిగిలిన ముగ్గురూ మా గేరోళ్లే. నిలబడి చెప్పినారు. నాయన గూడ చెప్పినాడు, మాటకు మాట, ఆ తిట్టు మొత్తం. చెప్పేటప్పుడు తల దించుకోలేదని చిన్నాయన ఇప్పటికీ చెప్తుంటాడు.

2010లో తీర్పు వచ్చింది. ఆరునెలల జైలు, జరిమానా. ఆ రోజు నేను గూడ కోర్టులో ఉన్నాను. నాయనకు ఒకటే ఆశ, పోలీసుల జీపు ఎక్కేది చూడాలని. పెద్దమనిషి జీపు ఎక్కలేదు. ఒక గంట కూచున్నాడు, సంతకాలు పెట్టినాడు, కారెక్కి పోయినాడు. మూడేళ్లకు మించని శిక్ష పడినవాడు అప్పటికే బెయిలు మీద ఉండి, అప్పీలుకు పోతానంటే శిక్ష వేసిన కోర్టే బెయిలిచ్చి పంపుతుంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 389వ సెక్షన్ అది. 2024 జులైలో కొత్త చట్టమొచ్చి నంబరు మారింది గానీ పద్ధతి అదే. అందరికీ వర్తించే పద్ధతే. కాకుంటే కులం పేరుతో తిట్టిన కేసుల్లో పడేది చాలావరకు ఆరునెలలో, సంవత్సరమో. కాబట్టి శిక్ష పడినా జైలు గేటు చూసే పనుండదు. దారిలో నాయన అడిగినాడు.

"ఏం నాయనా, శిచ్చ పడిందన్న్యారే, మరి ఇంటికెట్ల పాయ?"

"అప్పీలు ఉంది నాయనా. పైకోర్టులో తేలాల."

"పైకోర్టులో మల్లా నేను చెప్పాల్నా?"

"లేదు. అక్కడ మనిషిని పిలవరు. కాయితాలు చూస్తారు."

నాయన ఆ మాటకు సంతోషపడినాడు. బస్సు ఖర్చు తగ్గిందనుకున్నాడు. అప్పీలంటే ఏందో ఆ రోజు మా ఇద్దరికీ సరిగ్గా తెలీదు. కింది కోర్టులో జడ్జి మనిషిని చూస్తాడు. గొంతు వణికేది, కళ్లు ఎర్రబడేది చూస్తాడు. పైకోర్టుకు పోయేది కాయితం మాత్రమే. మొదటి ఫిర్యాదు, పోలీసుల ముందర చెప్పిన వాంగ్మూలం, కోర్టులో చెప్పిన సాక్ష్యం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడా వెతుకుతారు.

తొమ్మిదేళ్లు అప్పీలు నడిచింది. మాకు ఒక్క కబురు రాలేదు. 2019లో ఒక సాయంత్రం రచ్చకట్ట కాడ టపాసులు కాల్చినారు. ఎందుకో మాకు తెలీలేదు. మర్నాడు పాలకేంద్రం కాడ ఎవరో చెప్తే తెలిసింది, కేసు కొట్టేసినారని. ఆ కేసు పెట్టిన మనిషికి కేసు పోయిందని తెలిసిన తీరు అది.

వకీలును పట్టుకొని తీర్పు నకలు తెచ్చుకున్నాను. బడి వదిలినాక పిల్లల్లేని క్లాసురూములో కూచుని, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివినాను. అందులో మూడు కారణాలు రాసినారు. ఫిర్యాదులో ఏ మాట అన్నాడో లేదు. కోర్టులో మాత్రం పూర్తి మాట చెప్పినాడు, కాబట్టి అది తర్వాత చేర్చిన మాట. నిలబడి చెప్పిన సాక్షులు ఫిర్యాది కులంవాళ్లే, వేరే కులంవాళ్లు సమర్థించలేదు. కాబట్టి అనుమానం లాభం నిందితునికి. మొదట రాయకుండా వదిలేసినదాన్ని వకీళ్లు ఒమిషన్ అంటారు, తర్వాత చెప్తే ఇంప్రూవ్‌మెంట్ అంటారు. నాయనకు ఇది తెలుగులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంతా విని అడిగినాడు.

"అంటే ఆ మాట వాడు అన్లేదనేనా, పైజడ్జి రాసింది?"

"అన్నాడని రుజువు కాలేదని రాసినాడు నాయనా."

"రెండూ ఒగటే గదరా."

చట్టం చదివినవాళ్లకు రెండూ ఒకటి కాదు. రచ్చకట్ట ముందర బతికే మనిషికి ఒకటే. నాయన ఆ మనిషి జైల్లో మగ్గాలని కేసు పెట్టలేదు. ఆ మాట అనడం తప్పని సర్కారు తన నోటితో చెప్పాలని పెట్టినాడు. ఆరునెలల శిక్ష ఆ చెప్పడమే. దాన్ని పైకోర్టు వెనక్కి తీసుకుంది.

మా నాయన ఒక్కడి కేసైతే ఇంత రాసే పని లేదు. ఈ చట్టం పుట్టిందే మావాళ్ల నెత్తురు నుంచి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. ఆ కేసులో కింది కోర్టు శిక్ష వేసింది, 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరు 19న సుప్రీం కోర్టు మళ్లీ తిరగేసి ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. 23 ఏళ్లు పట్టింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కి కాల్వలో పారేసినారు. అక్కడివాళ్లు కొట్లాడి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్లు ముందుండి నడిపించిన పోరాటం అది. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎప్పుడు చచ్చిపోయినారో, ఎక్కడ, ఎవరు చంపినారో సాక్షులు పొందికగా చెప్పలేదంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని చేలకడ్డం పడి పరుగెత్తినవాళ్లు టైము చూసుకోవాలంట! చుండూరువాళ్లు సుప్రీం కోర్టుకు పోయినారు.

మా కర్నూలు జిల్లాలో 1998 జులైలో వేంపెంటలో మాదిగలను ఊచకోత కోసినారు. నేనప్పుడు చిన్నపిల్లోణ్ణి. మా గేరిలో మగవాళ్లు చాలా రోజులు ఇంట్లో పండుకోలేదు, చేన్లల్లో పండుకున్నారు. అంత భయం చూసి పెరిగినోళ్లం. అందుకే 'ఉత్త తిట్టే గదా' అంటే నాకు ఒళ్లు మండుతుంది. కారంచేడైనా వేంపెంటైనా మొదట నోట్లోనే మొదలైంది.

మా జిల్లాదే ఇంకో కేసు చెప్తాను. ఊరు, పేర్లు చెప్పను, ఆ ఆడబిడ్డ గౌరవం కోసం. 2011లో పుట్టుగుడ్డి అయిన పందొమ్మిదేళ్ల దళిత అమ్మాయి మీద, వాళ్ల అన్నల వెంట ఇంటికి వచ్చిపోయే మనిషే అత్యాచారం చేసినాడు. గొంతు గుర్తుపట్టి చెప్పింది ఆ అమ్మాయి. 2013లో కింది కోర్టు రేపు సెక్షన్ కిందా, అట్రాసిటీ చట్టం 3(2)(వి) కిందా యావజ్జీవం వేసింది. 2019లో హైకోర్టు ఖాయం చేసింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా తీర్పిచ్చినారు. రేపు కింద యావజ్జీవం అట్లనే ఉంచినారు. గుడ్డిపిల్ల సాక్ష్యాన్ని తక్కువగా చూడగూడదని గట్టిగా రాసినారు. కులం, ఆడపుట్టుక, వైకల్యం మూడూ కలిసి ఒక మనిషి మీద ఎట్ల పడతాయో వివరంగా రాసినారు. అయినా అట్రాసిటీ సెక్షన్ తీసేసినారు. ఆ అమ్మాయి దళితురాలు కావడం వల్లనే ఈ నేరం చేసినాడని చూపే సాక్ష్యం ఫైల్లో లేదు, పాత చట్టం మాటల ప్రకారం అది చూపాల అన్నారు. 2016 తర్వాతి నేరాలకైతే బాధితులు దళితులని 'తెలిసి' చేస్తే చాలు. చదివినప్పుడు నాకు ఒకటే అనిపించింది. కులం ఆ అమ్మాయి బతుకు నిండా ఉంది. కాయితంలో మాత్రం కులం సర్టిఫికెట్‌గా ఉంది, అంతే.

శిక్షల కొలత గురించి గూడ చెప్పాల. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో అయిదుగురు దళితులను హింసించి, ఇద్దరికి గుండు గీసినారు. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు ఎమ్మెల్సీ తోట త్రిమూర్తులుకూ మిగతావాళ్లకూ 18 నెలల జైలు వేసింది. గుండు గీసిన తల మీద వెంట్రుకలు మళ్లీ మొలిచి, నెరిసి, రాలిపోయేంత కాలం. ఇంకోటి, 2021 అక్టోబరులో మధ్యప్రదేశ్ కేసు. ఇంటి పక్కోళ్ల తగాదాలో కులం పేరుతో తిట్టినందుకు ఆరునెలలు పడినాయి. సుప్రీం కోర్టుకు పోయినాక ఇద్దరూ రాజీ పడినామన్నారు. చీఫ్ జస్టిస్ రమణ ఉన్న బెంచి, అది ముఖ్యంగా సొంత తగాదా అనీ, రాజీ ఒత్తిడి లేకుండా జరిగిందనీ చూసుకొని శిక్ష కొట్టేసింది. అట్ల చూసుకోకుండా కొట్టేయగూడదని గూడ చెప్పింది. బాగానే ఉంది. కానీ సీమలో రాజీ అంటే ఏందో మాకు తెలుసు. రచ్చకట్ట మీద పెద్దమనుషులు కూచుంటారు, కింద మేం నిలబడతాం. "ఊర్లో బతకాల్నా వద్దా?" అని ఒక మాట అడుగుతారు. అది ఒత్తిడని ఏ కాయితంలోనూ ఉండదు.

పరిహారం మాటతో గూడ పొడుస్తారు. 2016 రూల్స్ ప్రకారం కులం పేరుతో తిట్టిన కేసులో లక్ష రూపాయలు. పాతిక శాతం ఎఫ్.ఐ.ఆర్. అప్పుడు, సగం చార్జిషీటు అప్పుడు, మిగతా పాతిక శిక్ష పడినాక. "లెక్క కోసరం కేసులు పెడతారు" అని మా స్టాఫ్‌రూములోనే అన్నారు, నేను పక్కనుండగానే. నేను జవాబు చెప్పినాను. మా నాయన కాలంలో వచ్చిన పరిహారం వాయిదాల బస్సు చార్జీకే చాలలేదు. లక్షిస్తే రచ్చకట్ట మీద నలుగురి ముందర ఆ మాట అనిపించుకుంటారా అని అడిగినాను. ఎవరూ మాట్లాడలేదు.

చదువు నాకు ఏమిచ్చిందంటే, జీతమిచ్చింది, దాంతోబాటు కాయితాన్ని చూస్తే భయపడకపోవడం ఇచ్చింది. 2019 తర్వాత మా గేరిలో, చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ఇట్లాంటిది జరిగినా నా దగ్గరికి వస్తారు. నేను కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయిస్తాను. మూడేళ్ల కింద ఒక పల్లెలో మధ్యాహ్న భోజనం వండే మా అక్క ఒకామె వచ్చింది. "నువ్వు తాకిన బువ్వ మా పిల్లోల్లు తినాల్నా, మాదిగదానా" అని బడి గేటు కాడ అన్నారంట. చెప్పడానికి సిగ్గుపడింది. "ఆ మాట వద్దులే సారూ, తిట్టినాడని రాయి" అంది.

"అక్కా, సిగ్గుపడాల్సింది అన్నోడు. నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాను.

రాసినాను. ఏ మాట, ఎవరన్నారు, ఎన్ని గంటలకు, గేటుకు లోపలా బయటా, ఎవరెవరు విన్నారు, వాళ్లల్లో మన కులం కానివాళ్లెవరు, అన్నోనికి ఆమె కులం ముందే ఎట్ల తెలుసు, అన్నీ రాసినాను. చదివి వినిపించినాను. సంతకం పెట్టింది. సవరించిన చట్టం 4వ సెక్షన్ ఈ పని స్టేషన్ మీదే పెట్టింది. నోటితో చెప్పింది రాసుకొని, సంతకానికి ముందు చదివి వినిపించాల, ఎఫ్.ఐ.ఆర్. నకలు వెంటనే ఇవ్వాల. కావాలని చెయ్యని అధికారికి ఆరునెలల నుంచి ఏడాది జైలు. మా నాయన కాలంలో ఇది ఇంత వివరంగా లేదు. ఇప్పుడుంది, అడగాల.

ఆమె కేసులో శిక్ష పడింది. మళ్లీ ఆరునెలలే. మళ్లీ ఆ రోజే ఇంటికి పోయినాడు. అప్పీలు పైకోర్టులో ఉంది. తేడా ఒకటుంది. ఈసారి మాకు తెలుసు. 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలుకైనా అప్పీలుకైనా బాధితులకు ముందుగా నోటీసు ఇవ్వాల, వాళ్ల మాట వినాల. ఇది మొక్కుబడి కాదు, తప్పనిసరని 2021 అక్టోబరులో సుప్రీం కోర్టు చెప్పింది. 14ఎ ప్రకారం అప్పీలును వీలైనంతవరకు మూడు నెలల్లో తేల్చాల. మూడు నెలలు దాటి చాన్నాళ్లయింది. అయినా నోటీసు వచ్చింది. ఆమె తరఫున వకీలు నిలబడినాడు. వకాల్తా మీద ఆమె తన చేత్తో సంతకం పెట్టింది.

పైకోర్టు మాకు ఎప్పుడూ దూరమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు రాజధాని, కోర్టు గుంటూరులో. 1956లో హైదరాబాదు. 2019 నుంచి అమరావతి. కర్నూలుకు బెంచి కావాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. వస్తే బస్సు చార్జీ తగ్గుతుంది, రావాల. కానీ కోర్టు ఇంటి ముందరికి వచ్చినా, అది చదివేది స్టేషన్లో మొదటి రోజు రాసిన కాయితమే.

అందుకే విద్యార్థులకు, సంఘాల్లో తిరిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్తున్నాను. ధర్నా చెయ్యండి, ఊరేగింపు తియ్యండి. 2018 మార్చిలో సుప్రీం కోర్టు ఈ చట్టాన్ని బలహీనం చేస్తే, ఏప్రిల్ 2న దేశమంతా రోడ్డెక్కబట్టే ఆ ఏడే పార్లమెంటు 18ఎ పెట్టి సరిచేసింది. కొట్లాట లేకుండా ఏదీ రాలేదు. అయితే ధర్నా కంటే ముందు, ఏడుస్తూ వచ్చిన మనిషి పక్కన కూచుని ఆ మనిషి చెప్పిన మాటను రాయండి. మన చేతికి కలం వచ్చి ఒకటో తరమే అయింది. ఆ కలంతో మనం మొదట రాయాల్సింది వాళ్ల నోట్లోని మాటే. అసహ్యంగా ఉంటది. ఉండనియ్యండి. అది మన అసహ్యం కాదు.